పెట్రీ మూత

నా కుడి బొటనవేలి కణుపు మీద చిన్న కాయ ఉంది. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు క్లిక్కర్ నొక్కితే కాచిన కాయ అది. ప్లేటులో ఒక కాలనీ, అంటే కంటికి ఆనేంతగా పెరిగిన బ్యాక్టీరియా గుంపు, కనబడితే అడుగున మార్కర్‌తో ఒక చుక్క, చేతిలో ఒక నొక్కు. సీజన్‌లో రోజుకు అరవై, డెబ్బై ప్లేట్లు. రాత్రి కళ్లు మూసుకున్నా తెల్ల చుక్కలే కదిలేవి. "పొద్దస్తమానం బూజు లెక్కపెట్టినందుకు జీతమిస్తారా?" అని మా అత్తగారు ఆశ్చర్యపోయేవారు. బూజు కాదండీ, బ్యాక్టీరియా అని చెప్పీ చెప్పీ మానేశాను.

ఈ చుక్కల లెక్కకు మూలం ఉడికించిన బంగాళాదుంప. దాన్ని కోసి వదిలేస్తే కోసిన ముఖం మీద రంగురంగుల మచ్చలు లేస్తాయి. ఒక్కో మచ్చలో ఒక్కో జాతి సూక్ష్మజీవి విడిగా పెరుగుతోందని జర్మనీలో రాబర్ట్ కాఖ్ గమనించాడు. దుంప మీద అన్నీ పెరగవు, పైగా దాని గుండా వెలుతురు పోదు. అందుకని గాజుపలక మీద జెలటిన్ పోసి, అందులో పెంచాడు. 1881లో లండన్ వైద్య మహాసభలో ఆ పద్ధతి చూపించాడు. వెలుతురు అవతలికి పోయే నేల దొరికాకే మా వృత్తి పుట్టిందంటాను నేను.

కానీ జెలటిన్‌కి వేడి పడదు. జర్మనీ వేసవికే కరిగి నీరైపోయేదంటే మా భీమవరం మే నెలలో దాని గతేమిటో ఊహించుకోండి. దానికి విరుగుడు వంటింట్లోంచి వచ్చింది. కాఖ్ ల్యాబ్‌లో గాలిలోని సూక్ష్మజీవులను లెక్కపెడుతున్న వాల్టర్ హెస్సే భార్య ఫానీ. న్యూయార్క్‌లో పెరిగిన మనిషి. జావాలో ఉండి వచ్చిన పొరుగువారి దగ్గర ఆమె ఒక చిట్కా నేర్చుకుంది: జెల్లీల్లో అగర్ వేస్తే ఎండకు కూడా కరగవు. అదే భర్తకు చెప్పింది. అగర్ అంటే కొత్తదేమీ కాదు, సముద్రపు నాచు నుంచి తీసే మన చైనా గ్రాసే. రంజాన్ నెలలో మా పక్కింటివాళ్లు పాలలో వేసి పంపే జెల్లీ తిన్నప్పుడల్లా నాకు ల్యాబే గుర్తొచ్చేది. 1882లో క్షయ మీద రాసిన పత్రంలో కాఖ్ అగర్ గురించి ఒక్క ముక్క రాశాడు. ఫానీ పేరు ఎత్తలేదు. ఆమె భర్త పత్రాలకు బొమ్మలు కూడా వేసి ఇచ్చేది. కాలనీని చూసి, దాని అంచు ఎక్కడుందో తేల్చి కాగితం మీద పెట్టే పని, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తున్నది అదే కదా.

1887లో కాఖ్ సహాయకుడు రిచర్డ్ పెట్రీ, గాజుపలకలకు బదులు మూత ఉన్న చిన్న గాజు పళ్లెం పెట్టాడు. అంతకుముందు పలకల మీద గాజు గంట బోర్లించేవారు. చూడాలంటే అది ఎత్తాలి, ఎత్తితే గాలిలో ఉన్నదల్లా వచ్చి పడేది. మూత వల్ల ఆ బాధ పోయింది. లెక్కకు మాత్రం అప్పటికే వోల్ఫ్‌హ్యూగెల్ గళ్ల పలక ఉండేది. సెంటీమీటరు గళ్లు గీసిన గాజు అది. కొన్ని గళ్లలో లెక్కపెట్టి మిగతాది గుణించేవారు.

ఈ లెక్క ఊళ్ల ప్రాణాలు కాపాడుతుందని 1892లో తేలింది. ఆ ఏడు హాంబర్గ్‌లో కలరా ఎనిమిది వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆనుకునే ఉన్న ఆల్టోనా తాగేదీ అదే ఎల్బే నది నీరు, అదీ హాంబర్గ్ మురుగు కలిశాక. అయినా ఇసుకలో వడకట్టి తాగడం వల్ల చాలావరకు బయటపడింది. వడకట్టిన నీటిలో మిల్లీలీటరుకు వంద కాలనీలు దాటకూడదని కాఖ్ హద్దు పెట్టాడు. గళ్ల పలక మీది అంకె ఊరి నీళ్ల మీద తీర్పు చెప్పడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఎంతవరకు లెక్కపెట్టవచ్చన్న పేచీ వచ్చింది. 1916లో అమెరికాలో బ్రీడ్, డాటరర్ పాల నమూనాల మీద ఇదే తేల్చబోయారు. అలాంటి పనుల నుంచి 30, 300 హద్దులు స్థిరపడ్డాయి. ముప్పైకి తగ్గితే లెక్క నమ్మలేం, మూడొందలు దాటితే కాలనీలు ఒకదాన్నొకటి నొక్కేస్తాయి. అప్పుడు టీఎన్‌టీసీ అని రాస్తాం, అంటే లెక్కకు మిక్కిలి. అసలు చుక్క ఒక్క బ్యాక్టీరియా నుంచే పుట్టిందన్న పూచీ కూడా లేదు. రెండు అంటుకుని పడినా, గొలుసుగా పడినా పైకి కనిపించేది ఒకటే. అందుకే రిపోర్టులో బ్యాక్టీరియా సంఖ్య అనం, సీఎఫ్‌యూ అంటాం, కాలనీ కట్టగలిగిన ముక్క అన్నమాట. ఆ మాటలోని నిజాయితీ నాకిష్టం.

1930ల్లో కెనడాలోని క్యూబెక్‌లో కౌంటర్ పెట్టె తయారైంది. నల్లటి అడుగు, పక్క నుంచి దీపం, గళ్ల గాజు, పైన భూతద్దం. మా ల్యాబ్‌లోదీ దాని మనవడే. 1957లో మాన్స్‌బర్గ్ 'సైన్స్' పత్రికలో ఆటోమేటిక్ కౌంటర్ గురించి రాశాడు. ఆ తరం యంత్రాలు ప్లేటు మీద గీత వెంట గీత చూస్తూ వెలుతురు మారిన చోటల్లా అంకె వేసేవి.

మా ల్యాబ్‌కి కెమెరా పెట్టె వచ్చిన రోజు మొదటి ప్లేటు నేనే పెట్టాను. చేత్తో నా లెక్క 86. యంత్రం 131 అంది. బాయిలర్ పక్క కుర్రాళ్ల దాకా పాకింది ఆ నవ్వు. తీరా చూస్తే తప్పు నాది. మూత తీయలేదు. ఇంక్యుబేటర్ వేడికి మూత లోపల పట్టిన నీటి బొట్లన్నీ దానికి కాలనీలే. ప్లేటు మీద నేను రాసిన నమూనా నంబరులోని రెండు సున్నాలను కూడా వదల్లేదు.

దాని లోపల ఏం జరుగుతుందో ఆ తర్వాత పట్టుబట్టి తెలుసుకున్నాను. ముందు నలుపూ తెలుపూ విడగొట్టాలి. ఏ వెలుతురు దగ్గర గీత గీయాలో ఫోటోనే చెప్పే ఉపాయం 1979లో జపాన్‌కు చెందిన ఒత్సు ఇచ్చాడు. అంటుకున్న కాలనీలను విడదీసే ఉపాయం అదే ఏడు ఫ్రాన్స్‌లో బ్యూషే, లాంట్యూజూల్ ఇచ్చారు. ఇది మా డెల్టా వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బొమ్మను ఎత్తుపల్లాల నేలగా అనుకుని, ప్రతి పల్లంలోనూ అడుగు నుంచి నీళ్లు పెట్టాలి. రెండు చెరువుల నీళ్లు పెరిగి కలవబోయే చోట గట్టు వెయ్యాలి. ఆ గట్టే రెండు కాలనీల సరిహద్దు.

నన్ను నిజంగా కదిలించింది మాత్రం 2010లో జెరూసలేం శాస్త్రవేత్తలు చేసిన పని. ఆఫీసుల్లో కాగితాలు స్కాన్ చేసే యంత్రం మీద ప్లేట్లు బోర్లించి, కాసేపటికొకసారి స్కాన్ చేయించారు. దానికి స్కాన్‌ల్యాగ్ అని పేరు. ఏ కాలనీ ఏ గంటకు కనబడింది, ఎంత వేగంగా పెరిగింది అన్నీ అందులో తేలతాయి. నేను ఇరవై రెండేళ్లూ చూసింది రెండో రోజు పొద్దుటి ముఖాన్నే. రాత్రంతా అవి ఎలా లేస్తాయో చూడలేదు. ఆలస్యంగా లేచిన చిన్న చుక్కను పక్కదాని కంటే బలహీనమైనదనుకుని ఎన్నిసార్లు పొరబడ్డానో.

మొన్న నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్‌లో ప్లేటు ఫోటో పంపింది. "మేడమ్, సాఫ్ట్‌వేర్ 214 అంటోంది, నాకు 209 వచ్చాయి. ఏది రాయమంటారు?"

ఫోటో పెద్దది చేసి చూశాను. అంచు దగ్గర ఐదు చుక్కలు కొంచెం ఎక్కువ మెరుస్తున్నాయి.

"మూత తీసి తీశావా అమ్మా?" అని అడిగాను.