ఓటు కథ - 3: మా అమ్మకు లేని ఓటు

పూనా ఒడంబడిక మీద రాసిన పోయిన భాగం చదివి చాలామంది ఒకటే అడిగారు. "ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి సరే, మన ఓటుతో మన మనిషిని గెలిపించుకునే దారి ఇంకోటి లేదా అన్నా?" అని. ఉంది. బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో మొదటిసారి అడుగుపెట్టింది ఆ దారినే. ముందు మా ఇంటి ముచ్చటతో మొదలుపెడతాను.

2025 ఫిబ్రవరి 27, కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. దాచేపల్లిలో ఓటేసి ఇంటికి పోయాను. మిరప కోతల రోజులు. అమ్మ అప్పుడే కూలికి పోయి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నా వేలి మీద సిరా చూసింది.

"ఏం ఓట్లు నాయనా? మాకెవరూ చెప్పలేదే?"

"ఇది డిగ్రీ చదివినోళ్ల ఓటు మా. నీకుండదు."

"గుర్తేంది?"

"గుర్తులుండవు. పేరు పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని."

అమ్మ నవ్వింది. "అంతేగా. కళ్లంలో కాయ ఏరినట్టు."

మేలు కాయ ఒక కుప్ప, మధ్యరకం ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. నలభై ఏళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. ఆ పని తెలిసిన మనిషికి ఓటు లేదు. నాకుంది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు పట్టభద్రులు ఎన్నుకునేవి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటితే చాలు.

మరి ఆ పట్టభద్రులు ఏం చేశారో చూడండి. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకె వేయాలి. 1 తప్పనిసరి, మిగతావి మన ఇష్టం. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, ఇద్దరికీ 1 వేసినా ఓటు చెల్లదు. ఇంతే నియమం. మన నియోజకవర్గంలో ఆ రోజు ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అన్నీ డిగ్రీవాళ్లవే.

లెక్కింపు సంగతి. చెల్లిన ఓట్లలో సగానికి పైన ఒక్కటి వస్తే గెలిచినట్టు. ఎవరికీ రాకపోతే అందరికన్నా కింద ఉన్నవాణ్ని తీసేసి, అతని కాగితాల మీద 2 ఎవరికి ఉందో చూసి వాళ్లకు కలుపుతారు. మళ్లీ కిందివాణ్ని తీసేస్తారు. మన దగ్గర 2025లో ఆ అవసరం రాలేదు, ఆలపాటి రాజేంద్రప్రసాద్ మొదటి ప్రాధాన్యత ఓట్లతోనే గట్టెక్కారు. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమలో మాత్రం అసలు తమాషా జరిగింది. మొదటి ప్రాధాన్యతలో వెన్నపూస రవీంద్రారెడ్డి ముందున్నారు. కింద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ పోతే, చివరికి భూమిరెడ్డి రామగోపాల్‌రెడ్డి ఏడు వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. రెండో అంకె ఒకరికొకరు వేసుకోవాలని టీడీపీ, పీడీఎఫ్ అనుకోవడమే కారణం. మామూలు ఎన్నికైతే ఫలితం తిరగబడేది.

భలే పద్ధతి అని సంబరపడే ముందు ఆ ఇద్దరి పేర్ల చివర ఏముందో చూడండి. సీటు ఒక్కటే అయినప్పుడు అంకెలు వేసినా, ముద్ర వేసినా ఆఖరికి ఎక్కువమంది ఒప్పుకున్నవాడే గెలుస్తాడు. పల్లె వాటా సగం ఎక్కడుంది?

ఇప్పుడు బెంగాల్‌కు పోదాం. 1946 మొదట్లో జరిగిన ప్రాంతీయ శాసనసభ ఎన్నికల్లో అంబేడ్కర్ పార్టీ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మన ఓటర్లు మాత్రమే వేసే ప్రాథమిక ఎన్నికలో మనకు నచ్చినవాడు ముందుంటాడు, అందరూ వేసే అసలు ఎన్నికలో ఓడిపోతాడు. పూనా ఒడంబడిక మీద ఆయన ఫిర్యాదు అదే. బొంబాయి శాసనసభలో ఆయనను రాజ్యాంగ సభకు పంపే బలం లేదు. బెంగాల్‌లో కూడా ఫెడరేషన్ తరఫున గెలిచింది జోగేంద్రనాథ్ మండల్ ఒక్కరే.

ఒక్కరితో ఎలా గెలిచారు? రాజ్యాంగ సభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకున్నది అంకెల ఓటుతో. అదీ సీటుకొక ఎన్నిక పెట్టి కాదు. బెంగాల్ జనరల్ విభాగంలో 27 సీట్లకు కలిపి ఒకే ఎన్నిక. 27 సీట్లుంటే గెలవడానికి కావలసింది సగం కాదు, 28లో ఒక వంతుకు కాస్త పైన. అంటే నలుగురైదుగురు శాసనసభ్యులు తమ కాగితం మీద ఆయన పేరు పక్కన 1 వేస్తే చాలు. మండల్ తిరిగారు. నామశూద్ర, రాజవంశీ కులాల సభ్యులు, ఫెడరేషన్‌తో సంబంధం లేనివాళ్లు కూడా వేశారు. మిగతా సభంతా కాదన్నా ఆ సీటును ఆపే వీలు లేదు. 1946 జులైలో బాబాసాహెబ్ అలా గెలిచారు. తర్వాత దేశ విభజనతో ఆ సీటు పోయింది, 1947 జులైలో బొంబాయి నుంచి ఆయనను మళ్లీ ఎన్నుకున్నారు. ఆ రెండోసారి కథే పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ. మండల్ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆరేళ్లకు, మొదటి సార్వత్రిక ఎన్నికల్లో, అదే మనిషి బొంబాయి ఉత్తర స్థానంలో ఓడిపోయారు. అది జనరల్ సీటు ఒకటి, రిజర్వుడు సీటు ఒకటి ఉన్న ద్విసభ్య నియోజకవర్గం. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. ఆయన ఓడింది సుమారు పద్నాలుగున్నర వేల తేడాతో. చెల్లకుండా పోయినవి 74,333 ఓట్లు. కావాలనే ఓట్లు వృథా చేయించారని అంబేడ్కర్, అశోక్ మెహతా పిటిషన్ వేశారు. నిలవలేదు.

ఇక్కడ నాకు మింగుడుపడని విషయం ఒకటి. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా ప్రాతినిధ్యం కావాలని సవరణ తెస్తే, వద్దన్నది బాబాసాహెబే. ఓటరు అంకెలైనా గుర్తుపట్టాలి, ఈ దేశంలో అక్షరాస్యత అంత లేదు అన్నారు. ప్రభుత్వాలు నిలబడవన్న భయమూ చెప్పారు. అప్పటికి రిజర్వుడు సీట్లు ఖాయమవుతున్నాయి కాబట్టి అది చాలనుకుని ఉంటారని నా ఊహ. ఆయన మాట కాదనడానికి నేనెంతవాణ్ని. అయినా కళ్లంలో మా అమ్మను చూశాక, ఇరవై వేల మంది పట్టభద్రుల చెల్లని కాగితాల గురించి చదివాక, ఆ వాదన 1949కి సరిపోయిందేమో గానీ ఇప్పటికి సరిపోదనిపిస్తుంది.

పంచాయతీ లెక్క వేసి చూడండి. ఒక ఊళ్లో వెయ్యి ఓట్లు పడతాయి, అందులో మన పల్లెవి 200. ఐదు వార్డులకు విడివిడిగా ఎన్నికైతే, పల్లెను రెండు మూడు వార్డుల్లోకి చీల్చితే మనకు ఒక్కటీ రాదు. ఒక వార్డు రిజర్వు అయినా, అందులో మనలో ఎవరు నిలబడాలో ఊరి అరుగు మీద తేలుతుంది. అదే ఐదు సీట్లకూ కలిపి అంకెల ఓటు పెడితే, ఒక సీటుకు కావలసింది 167. ఎవరి గడపా తొక్కకుండా పల్లె తన మనిషిని పంపుతుంది.

"మనలో మనకే ఇద్దరు నిలబడితే?" అంటారు. నిలబడనీయండి. మాల అభ్యర్థికి 110, మాదిగ అభ్యర్థికి 90 వచ్చాయనుకోండి. ముద్ర ఓటైతే ఓట్లు చీలి ఇద్దరూ మునుగుతారు. ఓటరుకు ఐదు ఓట్లిచ్చి ఐదూ ఒకరికే వేసుకోనిచ్చే పద్ధతిలోనూ ఈ చీలిక బెడద పోదు. అంకెల ఓటులో 90 ఓట్ల మనిషి తప్పుకోగానే ఆ కాగితాల మీద 2 ఎవరికి ఉందో చూస్తారు. మాదిగ కాగితం మీద 2 మాలకు, మాల కాగితం మీద 2 మాదిగకు ఉంటేనే ఈ లెక్క పారేది. వర్గీకరణ తీర్పు తర్వాత మన గ్రూపుల్లో ఒకరినొకరు తిట్టుకుంటున్న తమ్ముళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

అమ్మకు ఈ లెక్కంతా చెప్పాను. "167 మంది ఒకమాట మీద ఉంటారంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అన్నం పెట్టింది.

వచ్చే ఆదివారం పార్వతీపురం, 1957. ద్విసభ్య నియోజకవర్గంలో రిజర్వుడు సీటుతో పాటు జనరల్ సీటునూ గిరిజన అభ్యర్థే గెలిచాడు. ఓడిపోయిన వి.వి.గిరి సుప్రీంకోర్టు దాకా పోయినా ఫలితం మారలేదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే ఎత్తేశారు. ఎందుకో మాట్లాడుకుందాం.

జై భీమ్.