పాత సైనిక తుపాకులలో ‘అసలు’ భాగాల ప్రశ్న

సైదాబాద్ సమీపంలోని ఆస్మాన్‌గఢ్ గుట్టపై నిజాం సేనలోని ఫ్రెంచి దళాధిపతి రేమండ్ సమాధి ఉన్నది. ఆయన 1798 మార్చిలో మరణించగా, ఆ ఏడాది అక్టోబరులో దళం నిరాయుధమైంది. ఆ కాలపు చెకుముకి తుపాకుల భాగాలను ఆకురాయితో అరగదీసి ఏ తుపాకికి ఆ తుపాకికే అమర్చేవారు. ఒకదాని మర మరొకదానికి సరిపడేది కాదు. ఫ్రాన్సులో ఆనరే బ్లాంక్ 1785 నాటికే పరస్పరం మార్చదగిన భాగాలు చేసి చూపినా, ఆ పద్ధతి వెంటనే వ్యాపించలేదు.

20వ శతాబ్దిలో ఇషాపూర్ కర్మాగారంలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల భాగాలు చాలావరకు మార్చదగినవే. అయినా బోల్టును రిసీవరుకు ప్రత్యేకంగా సరిచూసి, రెండింటిపైనా ఒకే క్రమసంఖ్య ముద్రించేవారు. బోల్టు ముఖానికీ తూటాకూ మధ్య ఎడం మించితే తూటా గుల్ల చీలే ప్రమాదముంది. బోల్టు మారినప్పుడు పాత సంఖ్యను కొట్టివేసి కొత్తది వేసేవారు. సేకరణకర్తలు దీనిని లోపంగా లెక్కిస్తారు. చరిత్రకారునికి ఇది ఆ ఆయుధం మరమ్మతు పొంది వాడుకలో కొనసాగినదనడానికి ఆధారం. ధర కోసం నేడు కొట్టిన సంఖ్య మాత్రం ఆ ఆధారాన్నే చెరిపివేస్తుంది.

రేమండ్ సమాధి ముందరి మండపం కూడా 2001 వానలకు కూలి, తిరిగి నిర్మితమైనదే. ఆ సంగతి నమోదై ఉన్నంతకాలం కొత్త మండపం ఎవరినీ మోసగించదు. తుపాకి భాగానికీ ఇదే ప్రమాణం వర్తిస్తుంది.