మొహం సరే, చెయ్యి సంగతేంటి?

కాస్మెటిక్ సర్జరీ అనగానే మనకి గుర్తొచ్చేవి సినిమా వాళ్ళ ముక్కులూ, పెదాలూ. అది అయ్యాక మళ్ళీ పనిలోకి ఎప్పుడెళ్ళొచ్చు అని ఎవరైనా అడిగితే, మనమైతే "సోమవారం నుంచి లాగిన్ అయిపోవచ్చు" అంటాం. మనది కుర్చీలో కూర్చుని చేసే పని కదా. మొహానికి కట్టు ఉంటే కాల్లో కెమెరా ఆపేసుకుంటే సరిపోతుంది.

మా పెద్దమ్మ కొడుకు వెల్డరు. రెండేళ్ళ క్రితం పనిలో మంటలంటుకుని మొహం, రెండు చేతులూ కాలాయి. తొడ మీది చర్మం తీసి బుగ్గలకీ మెడకీ వేశారు. చూడ్డానికెళ్ళిన చుట్టాలందరిదీ ఒకటే మాట.. "మొహం బాగానే వచ్చిందిరా, ఇంకేం పర్లేదు" అని. నేనూ అదే అన్నాను. అన్నయ్య ఏమీ అనకుండా కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాడు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. మేమంతా మొహం చూస్తున్నాం, ఆయన చెయ్యి చూసుకుంటున్నాడు.

అప్పట్నించీ ఈ ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర మీద దొరికిందల్లా చదువుతున్నాను. డాక్టర్ని కాదు, కోడు రాసుకునేవాణ్ణి. కాబట్టి వైద్యం జోలికి మరీ లోతుగా వెళ్ళను. నాకు కావాల్సింది ఒకటే.. సర్జరీ అయ్యాక ఒళ్ళు వంచి చేసే పనిలోకి మనుషులు ఎలా వెళ్ళారు? వాళ్ళని ఎవరు వెళ్ళనిచ్చారు?

మొదటి కథ మన దేశానిదే. చాలామందికి తెలిసిందే, కానీ సగమే చెప్తారు. టిప్పు సుల్తాన్ మీద 1790-92 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబళ్ళు తోలిన కోవాస్జీ అనే మరాఠా మనిషి పట్టుబడ్డాడు. టిప్పు మనుషులు ముక్కు కోసేశారు. ఏడాది తర్వాత పూనా దగ్గర, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు చేశాడు. పల్చటి మైనం రేకుతో ముక్కు ఆకారం తయారుచేసి, దాన్ని నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ మేరకు చర్మం లేపాడు. కనుబొమల మధ్య చిన్న ముక్క మాత్రం తెగకుండా ఉంచాడు, రక్తం అందులోంచి పారుతూ ఉండాలి కదా. ఆ చర్మాన్ని తిప్పి ముక్కు స్థానంలో అతికించి, పైన కాచు పూశాడు (తాంబూలంలో వేసుకునే కాచే). నాలుగు రోజులయ్యాక నెయ్యిలో తడిపిన గుడ్డలు. సుమారు 25వ రోజున, కొత్త ముక్కు అతుక్కున్నాక, ఆ మధ్య ముక్క కోసేశాడు. దగ్గరుండి చూసిన ఇంగ్లీషు డాక్టర్లు నోరెళ్ళబెట్టారు. 1794 అక్టోబరులో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్లో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన కార్ప్యూ అనే సర్జన్ ఇరవై ఏళ్ళ తర్వాత, 1814లో, లండన్లో అదే పద్ధతిలో ముక్కు చేశాడు. యూరప్‌లో ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ కథని చాలామంది ఇక్కడే మొదలుపెడతారు.

మనవాళ్ళు ఫార్వర్డ్ చేసే మెసేజిలన్నీ ఇక్కడితో ఆగి, సుశ్రుతుడికి జై కొట్టేస్తాయి. కొట్టాల్సిందే, కాదనను. కానీ ఆ పత్రికలోనే ఇంకో వాక్యం ఉంది. కోవాస్జీకి ముక్కుతో పాటు ఒక చెయ్యి కూడా నరికేశారు. ఆ ఉత్తరం రాసేనాటికి అతను బళ్ళు తోలడం లేదు, కంపెనీ పెన్షన్ మీద బతుకుతున్నాడు. ముక్కు చేసే మనిషి దొరికాడు. చెయ్యి ఎవరు చేస్తారు? ఒంటి చేత్తో ఎడ్లని ఎలా అదుపు చేస్తాడు? ప్రపంచమంతా అతని ముక్కు బొమ్మ చూసింది. అతని పని ఏమైందో ఒక్క ముక్కలో తేలిపోయింది.

ఇక రెండో కథ. నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్నది ఇదే. ఇంగ్లండ్‌లో, లండన్‌కి దక్షిణాన ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న ఊరు. అక్కడి క్వీన్ విక్టోరియా ఆస్పత్రిలో రెండో ప్రపంచయుద్ధం నాడు ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ పనిచేశాడు. సొంత దేశం న్యూజిలాండ్. మొదటి యుద్ధంలో సైనికుల మొహాలు బాగుచేసి పేరు తెచ్చుకున్న హెరాల్డ్ గిల్లీస్‌కి బంధువు, శిష్యుడు కూడా. యుద్ధానికి ముందు బ్రిటన్ మొత్తం మీద పూర్తిగా ఇదే పని చేసే సర్జన్లు నలుగురే, వాళ్ళలో వీళ్ళిద్దరు. అప్పటి మెకిండో ప్రాక్టీసులో డబ్బున్నవాళ్ళ ముక్కులు సరిచేయడం కూడా ఉంది. అంటే మనం తేలిగ్గా తీసుకునే కాస్మెటిక్ సర్జరీయే. అదే చెయ్యి తర్వాత కాలిపోయిన పైలట్లకి కనురెప్పలు కుట్టింది.

పైలట్లకి మొహం, చేతులే ఎందుకు కాలేవి? ఇది పక్కా డిజైన్ సమస్య. హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల్లో పైలట్ ముందే పెట్రోల్ ట్యాంక్. అందులో గుండు తగిలితే మంట నేరుగా కాక్‌పిట్లోకి వస్తుంది. పైగా కంట్రోల్స్ మీద చెయ్యి బాగా ఆనుతుందని కొందరు గ్లోవ్స్ తీసేసేవాళ్ళు, సరిగ్గా కనబడ్డం కోసం కళ్ళద్దాలు పైకి నెట్టేసేవాళ్ళు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. కొన్ని క్షణాల్లో అంతా అయిపోయేది.

అప్పటి పద్ధతి ప్రకారం కాలిన చోట టానిక్ యాసిడ్ పూసేవారు. అది గట్టి పెచ్చులా బిగుసుకునేది. చిన్న గాయాలకి సరేగానీ వేళ్ళ మీద పూస్తే వేళ్ళు గోళ్ళలా వంకర్లు పోయేవి. కనురెప్పల మీద పూస్తే కళ్ళు మూతపడక చూపే పోయే ప్రమాదం. మెకిండో దాన్ని ఆపించి, గోరువెచ్చని ఉప్పునీటి స్నానాలు పెట్టాడు. సముద్రంలో పడ్డ పైలట్ల గాయాలు నేల మీద పడ్డవాళ్ళకన్నా బాగా మానడం గమనించారని చెప్తారు. ఆపరేషన్ల వరస చూడండి. ముందు కనురెప్పలు, ఎందుకంటే చూపు దక్కాలి. తర్వాత చేతులు. అందం లెక్కలో ముందుండాల్సిన ముక్కు వంతు చాలా నెమ్మదిగా వచ్చేది. పొట్ట మీదో ఛాతీ మీదో చర్మాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొస వదలకుండా రెండో కొసని మొహానికి చేర్చేవారు. ఒక్కో మజిలీకి వారాలు. మొహం నుంచి ఏనుగు తొండంలా వేలాడే ఆ గొట్టంతోనే కుర్రాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి బీరు తాగొచ్చేవాళ్ళు. ఆ ఊరికి 'తేరిపార చూడని ఊరు' అని పేరొచ్చింది. ముందే మెకిండో ఊరివాళ్ళతో మాట్లాడి పెట్టాడు. ఆస్పత్రి నీలం బట్టలు వద్దు, యూనిఫామే వేసుకోవాలన్నాడు. వార్డులో బీరు పీపా కూడా పెట్టించాడు. (మన ఆస్పత్రుల్లో కొబ్బరిబోండాం లోపలికి పోనివ్వడానికే సెక్యూరిటీ గార్డుతో గొడవ.)

1941 జులైలో ఆ పేషెంట్లే గినీ పిగ్ క్లబ్ అని పెట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే 'మా మీదే ప్రొడక్షన్లో టెస్టింగ్ చేశారు' అని అర్థం. కోశాధికారిగా కాళ్ళు కాలినవాణ్ణి పెట్టుకున్నారు, డబ్బుతో పారిపోలేడని. కార్యదర్శిగా వేళ్ళు కాలినవాణ్ణి, మినిట్స్ పెద్దగా రాయలేడని! 39 మందితో మొదలై యుద్ధం ముగిసేసరికి 649 మంది అయ్యారు.

అసలు నేను చెప్పదల్చుకున్నది రూల్స్ గురించి. అప్పటి వైమానికదళంలో 90 రోజుల లెక్క ఒకటి ఉండేది. గాయపడ్డ మనిషి ఆ లోపు డ్యూటీకి పనికిరాకపోతే, పెన్షన్ చేతిలో పెట్టి ఇంటికి పంపేయడమే. 90 రోజులంటే మనకి నోటీసు పీరియడ్ గుర్తొస్తుంది. వీళ్ళకి 90 రోజుల్లో ఒక కనురెప్ప కూడా సరిగ్గా పూర్తి కాదు. కత్తి పట్టుకునే మెకిండో పైవాళ్ళతో కాగితాల మీద కూడా పోట్లాడి, ఆ గడువుని సడలించేలా చేశాడు. ఆయన చేసిన ఏ కొత్త ముక్కుకన్నా నాకు ఇదే పెద్ద పని అనిపిస్తుంది. ఉద్యోగం ఉందనే భరోసా లేకపోతే పదిహేను ఆపరేషన్లకి ఎవరు ఓపిక పడతారు?

పదిహేను అన్నది ఊరికే అన్న అంకె కాదు, జెఫ్రీ పేజ్‌కి జరిగినవి. 1940 ఆగస్టు 12న అతని హరికేన్ తగలబడింది. చేతులు ఘోరంగా కాలాయి. కొన్నేళ్ళ పాటు ఆపరేషన్లు. ఒక్కో ఆపరేషన్‌కి ఒక్కో జర్మన్ విమానాన్ని కూలుస్తానని శపథం పట్టాడు (కోపం కూడా ఒక ఫిజియోథెరపీయేమో). 1943లో మళ్ళీ యుద్ధవిమానం ఎక్కాడు. ఆ ఏడాది జూన్ 29న అతనూ, మెక్లాక్లన్ అనే ఇంకో పైలటూ రెండు మస్టాంగులేసుకుని ఫ్రాన్స్ మీదికి వెళ్ళారు. మెక్లాక్లన్‌కి ఎడమ చెయ్యి లేదు, కృత్రిమ చెయ్యి. ఆ ఒక్క ట్రిప్పులో ఇద్దరూ కలిసి ఆరు విమానాలు కూల్చారు. పేజ్ తర్వాత స్క్వాడ్రన్‌కి నాయకుడయ్యాడు, యుద్ధం దాటాడు, 2000 దాకా బతికాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మోటివేషన్ స్లైడ్ అయిపోతుంది. అందుకని రిచర్డ్ హిల్లరీ గురించి కూడా చెప్పాలి.

ఆస్ట్రేలియాలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, అందగాడు. 1940 సెప్టెంబరు 3న అతని స్పిట్‌ఫైర్ కాలిపోయింది. మొహం, చేతులు పోయాయి. మెకిండో దగ్గర ఆపరేషన్లయ్యాక 1941లో ప్రచారం కోసం అమెరికా పంపారు. తీరా వెళ్ళాక, ఈ మొహం చూస్తే అక్కడి తల్లులు కొడుకుల్ని యుద్ధానికి పంపరని పెద్దలు భయపడి, జనం ముందుకి రానివ్వకుండా రేడియోలో మాట్లాడించారు. గొంతు పనికొచ్చింది, మొహం పనికిరాలేదు. 1942లో అతని పుస్తకం 'ద లాస్ట్ ఎనిమీ' వచ్చి పేరు మోగిపోయింది. ఇంకెవరైనా అయితే రాసుకుంటూ కూర్చునేవారు. ఇతను మాత్రం మళ్ళీ ఎగురుతానని పట్టుబట్టి, మెడికల్ బోర్డుని ఎలాగో ఒప్పించి, స్కాట్లండ్‌లోని చార్టర్‌హాల్‌లో రాత్రి విమానాల ట్రైనింగులో చేరాడు. మెస్సులో అతను కత్తీ ఫోర్కూ సరిగ్గా పట్టుకోలేకపోవడం తోటివాళ్ళు చూశారు. 1943 జనవరి 8 తెల్లవారుజామున, చీకట్లోనే, విమానం కూలింది. హిల్లరీకి 23 ఏళ్ళు. పక్కన ఫిసన్ అనే సహచరుడు కూడా ఉన్నాడు. ఇద్దరూ పోయారు.

కూలడానికి అతని చేతులే కారణమని రుజువు కాలేదు. కానీ కత్తి పట్టుకోలేని చేతులకి ఇంజన్లున్న విమానాన్ని రాత్రిపూట ఇచ్చిన బోర్డుని నేను మెచ్చుకోలేను. హీరో అడిగాడు కదా అని ఒప్పుకోవడం దయ కాదు. మనం హిల్లరీ ధైర్యం గురించే మాట్లాడుకుంటాం. ఫిసన్‌ని ఎవరైనా అడిగారా? 90 రోజుల రూల్ పెట్టినవాళ్ళది ఒక రకం గుడ్డితనమైతే ఇది ఇంకో రకం. వాళ్ళు ఆ మనిషికి టైమివ్వలేదు, వీళ్ళు ఆ మనిషి చేతుల్ని చూడలేదు.

పేజ్‌నీ హిల్లరీనీ బాగుచేసింది ఒకే సర్జన్. ఇద్దరిదీ మొండితనమే. తేడా ఎక్కడుందంటే, నా ఉద్దేశంలో, వేళ్ళ కీళ్ళలోనే ఉంది.

మా అన్నయ్య దగ్గరికొస్తే, పోయిన సంక్రాంతికి పాత కాంట్రాక్టరు ఇంటికొచ్చి "మొహం సెట్టయింది కదా, షెడ్డు పని ఉంది, వచ్చెయ్" అన్నాడట. ముప్పై అడుగుల ఎత్తు. అన్నయ్య వద్దన్నాడు. అప్పులున్నాయి, వదిన మిషను కుడుతోంది, అయినా వద్దన్నాడు. నేను కొంచెం విసుక్కున్నాను కూడా, మంచి అవకాశం పోగొట్టుకున్నావని. "పైన నా పట్టు జారితే రాడ్డు పడేది కిందున్న హెల్పర్ మీదరా. వాడికి పెళ్ళయి ఆర్నెల్లయింది" అన్నాడు. ఇప్పుడు నేల మీద గేట్లూ గ్రిల్సూ చేస్తున్నాడు. హోల్డరు పిడికి సైకిల్ ట్యూబు చుట్టి లావుగా చేసుకున్నాడు, పూర్తిగా మడవని వేళ్ళకి అందేలా. రోజుకి మూడు నాలుగు గంటలే చెయ్యగలుగుతున్నాడు. కూలీ కూడా అంతే వస్తోంది.

గినీ పిగ్ క్లబ్ వాళ్ళు ఏటా కలుసుకుంటూ వచ్చి, వయసైపోయి, 2007లో ఆఖరుసారి కలిశారు. ఈ కథంతా మొన్న ఆదివారం ఫోన్లో అన్నయ్యకి చెప్పాను. శపథాలూ బీరు పీపాలూ ఏమీ పట్టించుకోలేదు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ విమానాల్లో తుపాకీ ఏ వేలితో నొక్కాలి?"

"హరికేన్లో అయితే బొటనవేలితో. స్టిక్ మీదే బటన్ ఉంటుంది" అన్నాను.

"బొటనవేలైతే పర్లేదు. నాక్కూడా అది బానే వంగుతోంది" అన్నాడు.