విదేశీ ఆసుపత్రిలో అనుభవం: ఎలక్టివ్ వేరు, అబ్జర్వర్‌షిప్ వేరు

మన ఇళ్లలో డాక్టరీ చదివే పిల్లలకు ఫైనలియర్ రాగానే ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. “రెండు నెలలు అమెరికా ఆసుపత్రిలో పని, సర్టిఫికెట్ గ్యారంటీ” అంటారు. అమ్మీ అబ్బా బంగారం తాకట్టు పెట్టే ముందు ఏది ఏమిటో తెలుసుకోవాలి.

ఎలక్టివ్
ఇది ఇంకా చదువుతున్న విద్యార్థులకే. అమెరికాలో సీనియర్ డాక్టర్ పర్యవేక్షణలో రోగితో మాట్లాడి, పరీక్షించే అవకాశం ఉంటుంది. అందుకే దీనికి విలువ ఎక్కువ. డిగ్రీ చేతికొచ్చాక ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి కాలేజీ లెటర్, టీకాల రికార్డు, టీబీ పరీక్ష రిపోర్టు వంటివి ముందే సిద్ధం చేసుకోవాలి.

అబ్జర్వర్‌షిప్
ఎంబీబీఎస్ పూర్తయినవారు వెళ్లేది ఎక్కువగా దీనికే. ఇందులో చూడటమే, రోగిని ముట్టుకోవడం లేదు. అయినా అక్కడి డాక్టర్ మన పని తీరు చూసి సిఫారసు లేఖ ఇస్తే రెసిడెన్సీ దరఖాస్తుకు పనికొస్తుంది. యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1కి 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. దాంతో స్టెప్ 2 సీకే మార్కులకు, లేఖలకు ప్రాధాన్యం పెరిగింది.

బ్రిటన్‌లో క్లినికల్ అటాచ్‌మెంట్
ఇదీ చూసి నేర్చుకునేదే. జీతం ఉండదు, చికిత్స చేయకూడదు. ఈ షరతులతో విజిటర్ వీసా మీద వెళ్లొచ్చు. అక్కడ డాక్టర్‌గా పని చేయాలంటే మాత్రం జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. దానికి మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ప్లాబ్. మొదటి భాగంలో 180 ప్రశ్నలు, 3 గంటలు. దాన్ని మన దేశంలోనే రాయొచ్చు. రెండో భాగానికి మాంచెస్టర్ వెళ్లాలి. ఇంగ్లిష్ కోసం ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7.5, ఒక్కో విభాగంలో కనీసం 7 రావాలి.

డబ్బు కట్టే ముందు
* ఆసుపత్రి పేరు, డాక్టర్ పేరు, తేదీలు, చేయనిచ్చే పని రాతపూర్వకంగా అడగండి.
* ఆ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకే మెయిల్ పెట్టి నిజమో కాదో కనుక్కోండి.
* ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. వీసా, విమానం, గది, ఇన్సూరెన్స్ కూడా కలిపి లెక్క వేయండి.
* “లేఖ గ్యారంటీ” అంటే అనుమానించండి. లేఖ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ ఇష్టం.
* విజిటర్ వీసా మీద జీతం ఇప్పిస్తామంటే ఒప్పుకోవద్దు. పట్టుబడితే తర్వాతి వీసాలకూ ఇబ్బందే.

పరీక్షలు రాయకుండా ఒక్క సర్టిఫికెట్‌తో అక్కడ ఉద్యోగం రాదు. ముందు పరీక్షల ప్లాన్ వేసుకుని, దానికి సరిపడే నెలలో వెళ్తే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది.