నాలుగు వందల నంబరు

ఆరు కావస్తోంది. మా విశాఖలో ఈ వేళకు సూర్యుడు ఇంకా లేవడు. ఇక్కడ మిన్నీ బేలో మాత్రం ఎండ అప్పుడే నీళ్ల మీద పరుచుకుంది. అండమాన్‌లో డిసెంబరులోనూ పొద్దు తొందరగానే పొడుస్తుంది. ఇది రేవు లోపలికి చొచ్చుకొచ్చిన పాయ కాబట్టి అలల హోరు లేదు. గట్టు రాళ్లకు నీళ్లు తగిలే చప్పుడు, ఎక్కడో ఓ పడవ ఇంజను టకటక, అంతే.

బాబాయి చేతక్ స్కూటర్‌కి స్టాండు వేసి, సీటు మీద తువ్వాలు పరిచాడు. దాని మీద మా మేనల్లుడు ముక్కలు పంచుతున్నాడు. కొన్న ముక్కలు కావవి. పాత శుభలేఖలు కత్తిరించి, ఖాళీ వైపు పెన్సిల్‌తో కార్ల బొమ్మలు గీసి, బాల్‌పెన్నుతో అంకెలు వేసుకున్నాడు. ఒక్కో ముక్క మీద ఒక్కో పాతకాలపు సూపర్‌కారు. ఇంజను ఎంత, వేగం ఎంత, మొత్తం ఎన్ని తయారయ్యాయి. ట్రంప్ కార్డులాటలో మామూలుగా పెద్ద అంకెదే గెలుపు. వీడి ఆటలో ఆఖరి గడికి మాత్రం తిరకాసు ఉంది. అక్కడ చిన్న అంకె గెలుస్తుంది. ఎంత తక్కువ చేస్తే కారు అంత గొప్పదని పదకొండేళ్లవాడి తీర్పు.

"మెక్‌లారెన్ ఎఫ్1. నూట ఆరు!" ముక్క టప్పున కొట్టాడు.

నేను జాగ్వార్ ఎక్స్‌జే220 దించాను. దాదాపు 280. పోయింది.

"ఆ బండి పోవాల్సిందేరా," అన్నాడు బాబాయి, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో మెకానిక్కు. ఇంజను గురించి మాట్లాడితే గొంతులో బరువు వస్తుంది. "1988లో పన్నెండు సిలిండర్ల ఇంజనని చూపించారు. 1992లో చేతికిచ్చేసరికి ఆరే ఉన్నాయి. అడ్వాన్సు కట్టినోళ్లు కోర్టుకెళ్లారు. మాట తప్పిన బండి అది."

నేను ఒప్పుకోలేదు. ఆ ఆరు సిలిండర్ల ఇంజను అల్లాటప్పాది కాదు, ర్యాలీ పందేలకు పుట్టిన మెట్రో 6ఆర్4 ఇంజను వంశం. దానికి రెండు టర్బోలు తగిలిస్తే గంటకు 340 కిలోమీటర్లు దాటింది. చెప్పిన ఇంజను రాకపోయినా వచ్చిన ఇంజను తక్కువది కాదు. బాబాయి తల అడ్డంగా ఊపాడు. ఆయనకు నచ్చేది మెక్‌లారెన్. డ్రైవరు సీటు సరిగ్గా మధ్యలో పెట్టారు. ఇంజను గదికి లోపల బంగారు రేకు తాపడం చేశారు. అది దర్పానికి కాదు, వేడిని బంగారంలా వెనక్కి కొట్టే లోహం అరుదు గనక. 1998లో అది 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. "దాన్ని చేసినోడి ప్రతి పనికీ కారణం ఉంది. అందుకే నూట ఆరు," అన్నాడు.

ఈ కార్లలో ఒక్కదాన్నీ నేను ముట్టుకోలేదు. మా తరంలో చాలామందికి ఇవి పరిచయమైంది నెట్ సెంటర్లలో. గంటకింత అని కట్టి, ఒక కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని 'నీడ్ ఫర్ స్పీడ్ 2' ఆడేవాళ్లం. 1997లో వచ్చిన ఆ ఆటలో ఈ జాగ్వార్ ఉంది, మెక్‌లారెన్ ఉంది, ఫెరారీ ఎఫ్50 ఉంది. ఇస్డెరా కంపెనీ చేసిన ఓ జర్మను కారు ఉండేది. అసలు ప్రపంచంలో అది తయారైందే ఒక్కటి. ఆ సంగతి తెలియకుండానే దాన్ని ఎన్నిసార్లు గోడలకు గుద్దామో. ఇప్పుడు మేనల్లుడి కట్టలో అదే రారాజు. ఒకటి అన్న అంకెను ఓడించే ముక్క ఉండదు.

"ఇక్కడ వీటిని తోలితే ఎలా ఉంటుంది తాతయ్యా?"

"తోలేదెక్కడరా? మూడు వందల యాభై అందుకోవాలంటే ఈ ఊళ్లో రన్‌వే ఒక్కటే దారి. అది కూడా మూడు కిలోమీటర్ల చిల్లరే."

నవ్వుకున్నాం. తరవాతి పట్టులో నేను ఎఫ్50 వేశాను. 349. వాడు ఫెరారీ ఎంజో వేశాడు. దాని మీదా 349. సమం.

ఎఫ్50 లెక్క సరైనదే. కొనేవాళ్లు ఎందరున్నారో చూసి, అంతకు ఒకటి తగ్గించి చెయ్యాలన్నది ఫెరారీ నీతి అని అభిమానులు చెప్పుకుంటారు. ఎంజో లెక్క మాత్రం వాడు పాతది రాశాడు. 2002లో పారిస్‌లో చూపించినప్పుడు 349 చేస్తామన్నారు. తయారీ మొదలవకముందే అన్నీ అమ్ముడుపోయాయి. ఇంకా అడిగేవాళ్లు తగ్గకపోతే మరో 50 చేశారు.

ఆ మాట చెప్పగానే వాడు మొహం చిన్నబుచ్చుకుని 349 కొట్టేసి 399 రాశాడు. "అక్కడితో ఆగిందా మావయ్యా?"

జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. బాబాయి టీ గ్లాసు గట్టు మీద పెట్టి లేచి నిలబడ్డాడు. గడియారం చూశాను. 6:29. ఈవేళ డిసెంబరు 26.

2004లో ఇదే రోజు ఆదివారం. సుమత్రా పక్కన సముద్రపు అడుగు చీలింది. ఇక్కడ నేల నిమిషాల పాటు ఊగింది. గంట తిరగకుండానే నీళ్లు వచ్చాయి. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. మన కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాల్లోనూ ప్రాణాలు పోయాయి. నీళ్లు తీశాక ఇక్కడి నేలే దాదాపు మీటరు కుంగిందని తెలిసింది. సిప్పీఘాట్ వరి పొలాల మీదికి ఎక్కిన ఉప్పునీరు మళ్లీ దిగలేదు.

బాబాయి చేతులు కట్టుకుని నీళ్లకేసి చూస్తున్నాడు. కాసేపటికి చెయ్యి చేతక్ హ్యాండిల్ మీద వేశాడు. "ఇది మూడు రోజులు నీళ్లలో ఉంది," అన్నాడు వాడితో. "ఉప్పునీళ్లు తాగిన ఇంజనుకి వెంటనే కిక్కు కొట్టకూడదు. ప్లగ్గు విప్పాలి. గేరాయిలు దించెయ్యాలి. మంచినీళ్లతో కడగాలి. డీజిల్ పోసి మెల్లగా తిప్పాలి. ఒక్కరోజు ఆలస్యమైతే బేరింగు తుప్పు పట్టేస్తాది. ఆ నెలంతా పొద్దున్నించి రాత్రిదాకా అదే పని. బండి ఉంటేనే కదరా, ఆసుపత్రికి వెళ్లేది, తప్పిపోయినోళ్లని వెతికేది."

అప్పుడు చెప్పాను మేనల్లుడికి.

399 దగ్గర ఆపేసిన ఎంజోను మరొక్కటి చేసింది ఫెరారీ. దాన్ని దానధర్మాల కోసం పోప్ జాన్ పాల్ 2కు ఇచ్చింది. దాన్ని అమ్మి వచ్చిన సొమ్ము సునామీ బాధితులకు చెందాలన్నాడాయన. 2005 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు. జూన్‌లో ఫెరారీ సొంత ఊరు మరనెల్లోలో వేలం వేస్తే ఆ కారు తొమ్మిదిన్నర లక్షల యూరోలు పలికింది. పదేళ్లకు, 2015లో, కాలిఫోర్నియా వేలంలో అరవై లక్షల డాలర్లు దాటింది. మిగతా ఎంజోలు పలికే ధరకు అది చాలా పైమాట. ఇంజను అదే, 660 గుర్రాల పన్నెండు సిలిండర్లు. రంగు అదే ఎరుపు. తేడా నంబరులోనే ఉంది.

వాడు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. వాడేం లెక్క వేస్తున్నాడో నాకు తెలుసు. నన్నూ ఈ లెక్కే వెంటాడుతోంది. తక్కువ చేస్తే విలువ పెరుగుతుంది, నిజమే. అభిమానులం దాన్నే పట్టుకుని అంకెలు బట్టీ పడతాం. కానీ 'ఇంక చెయ్యం' అని గీసిన గీతను మునిగిపోయిన మనుషుల కోసం ఒక్కసారి దాటారు. ఒకటి పెరిగినందువల్లే ఆ ఒకటి అన్నిటికంటే అపురూపమైంది. అరుదుతనం అంకెలో పుట్టదు, ఆ అంకె వెనక మనుషులు తీసుకున్న నిర్ణయంలో పుడుతుంది. బాబాయి మెక్‌లారెన్‌ని ఎందుకు మెచ్చుకుంటాడో కూడా నాకు ఇప్పుడు తెలిసింది.

"399 అని ఉంచుకోవచ్చు కదా మావయ్యా? అమ్మినవి అంతే కదా?"

"నీ ముక్క, నీ ఇష్టం."

వాడు బాబాయి వైపు చూశాడు. చేతక్ వైపు చూశాడు. దాని ఫుట్‌బోర్డు అంచున ఎంత రంగు వేసినా మళ్లీ మళ్లీ బయటపడే తుప్పు మరక ఉంది. తరవాత 399ని కొట్టేశాడు. చోటు చాలక పక్కన, కొంచెం పెద్దగా, 400 అని రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

ముక్కను తువ్వాలు మీద, నా ఎఫ్50 పక్కన పెట్టాడు.

"నీ 349 గెలిచింది. తీసుకో మావయ్యా," అన్నాడు.