కరోడ్‌గిరి నుంచి కాకినాడ రేవు దాకా

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. సొంతూరు మునగాల పరగణా. కాంటా దగ్గర ట్రాక్టరు దిగిన రైతు ముందుగా అడిగే మాట ఒకటే: “నిన్నటి రేటు ఇయ్యాల ఎందుకు లేదు సారూ?” గుప్పెడు వడ్లు తీసి, నలిపి, పొట్టు ఊది, తేమ, తాలు, నూక చూసి నేను చెప్పగలిగింది కొంతే. మిగతా కారణం ఆ వడ్లలో ఉండదు. ఎక్కడో వేసిన సుంకంలో, ఎవరో మూసిన రేవులో ఉంటుంది. మా ప్రాంతంలో ఈ కథ చాలా పాతది.

మునగాల పరగణా అనగానే చరిత్రకారులు నడిగూడెం కోట దగ్గర ఆగుతారు. రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు, 1901లో హైదరాబాదులో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం గురించి చెబుతారు. అది గర్వపడాల్సిన చరిత్రే. కానీ పాత పటం ముందు పెట్టుకుంటే నా కంటికి మొదట కనిపించేది ఎల్లలు. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మా పరగణా బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలో ముక్క. నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ 1802లో జరిగిన వర్తక ఒప్పందం ప్రకారం సరుకు విలువ మీద నూటికి ఐదు సుంకం. దాన్ని వసూలు చేసే శాఖ కరోడ్‌గిరి. మునగాల నుంచి సూర్యాపేట అంగడికి పోవడమంటే ఆ లెక్కన పరాయి రాజ్యానికి పోవడమే. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు ఈ నేలల్లో జొన్న, ఆముదాలే ఎక్కువ. నల్గొండ ఆముదాలకు బయట మంచి గిరాకీ ఉండేది. గింజ పండించినవాడికి ఆ గిరాకీలో ఎంత చేతికందిందో, సుంకానికీ దళారికీ ఎంత పోయిందో లెక్క రాసి పెట్టినవాళ్లు లేరు.

1947 నవంబరు 29న నిజాముకూ భారత యూనియన్‌కూ యథాతథ ఒప్పందం కుదిరినా హైదరాబాదుకు సరుకుల రాక బిగుసుకుపోయింది. సముద్రం లేని రాజ్యం, ఉప్పు గింజతో సహా బయటినుంచే రావాలి. ఉప్పు, పెట్రోలు, మందులు కరువయ్యాయి. మా పరగణా పేరుకు యూనియన్ గడ్డే. చుట్టూ నిజాం నేల కాబట్టి ఆ కరువు మా ఇళ్లకూ వచ్చింది. మా నాయనమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు. పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు చీరల మూటలో ఉప్పు కట్టుకొచ్చేదట. ఆమె ఎప్పుడూ ఒక మాట గట్టిగా చెప్పేది: ఉప్పు అసలే లేకుండా పోలేదు బిడ్డా, షావుకారు కొట్టు లోపలి గదిలో ఉండె, పైసలున్నోడికి దొరికె. హైదరాబాదు ప్రభుత్వం 1948 ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పెట్టుకుంది. సెప్టెంబరు 13న బెజవాడ రోడ్డు మీదుగా భారత సైన్యం కోదాడకు వచ్చింది, మర్నాడు సూర్యాపేట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మా పరగణా కృష్ణా జిల్లా విడిచి నల్గొండలో కలిసింది.

నాయనమ్మ మాట నాకు మిల్లులో చేరాక అర్థమైంది. తలుపు మూస్తే సరుకు దాచుకునే చోటున్నవాడు ఆగగలడు, చోటు లేనివాడు ఆ పూటే అమ్ముకోవాలి. నేను చూసిన ప్రతి ఎగుమతి నిషేధంలోనూ నష్టం ముందు ఆ రెండోవాడి గడపే తొక్కింది.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ వెంట మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, మునగాల నేలలు వరి మడులయ్యాయి. వడ్ల వెంట మిల్లులు వచ్చాయి. కోతల కాలంలో మిర్యాలగూడ చుట్టూ రోడ్ల మీద ట్రాక్టర్ల బారు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ రైతు వడ్లు ఆరబోయడు. మిషను కోసిన పచ్చి వడ్లు నేరుగా మిల్లుకే తెస్తాడు. పచ్చి వడ్లు రెండు రోజులు కుప్పగా ఉంటే ఆవిరి పట్టి రంగు మారతాయి, వాసన కొడతాయి. అంటే రేటు నచ్చకపోతే ఇంటికి తీసుకుపోయే వీలు అతనికి లేదు. బారులో నిలబడ్డ ట్రాక్టరు కిరాయి గంటగంటకూ పెరుగుతూనే ఉంటుంది.

2007 అక్టోబరులో బాస్మతి కాని బియ్యం ఎగుమతికి కేంద్రం అడ్డుకట్ట వేసింది. కొన్నాళ్లు కనీస ఎగుమతి ధర పెట్టి, దాన్ని పెంచుకుంటూ పోయి, 2008 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా మూసేసింది. అప్పుడు లోకమంతా బియ్యం కరువు. థాయ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్లు దాటింది. ఫిలిప్పీన్స్‌లో జనం బియ్యానికి బారులు తీరారు. హైతీలో ఆకలి అల్లర్లకు ప్రధానమంత్రే దిగిపోయాడు. మన పేదవాడు కిలో బియ్యం కొనుక్కోగలగాలని ఆ ఏడాది తలుపు మూయడాన్ని నేను తప్పు పట్టను. తప్పు పట్టేది ఆ తర్వాతి సంగతిని. ధరలు దిగాయి, ఎఫ్‌సీఐ గోదాములు నిండాయి, నిషేధం మాత్రం 2011 సెప్టెంబరు దాకా ఉంది. ఆ రోజుల్లో మిల్లరు ఆడించిన బియ్యంలో నూటికి 75 పాళ్లు లెవీగా ఎఫ్‌సీఐకి ఇచ్చి, మిగిలిన 25 పాళ్లు బయట అమ్ముకునేవాడు. రైతుకు మద్దతు ధర మీద పదో ఇరవయ్యో ఎక్కువ ఇవ్వగలిగేది ఆ 25 పాళ్ల బలంతోనే. రేవు మూతపడితే ఆ బలం పోతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాలు నాటకుండా పంట విరామం ప్రకటించారు. నిషేధం ఎత్తేయాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. మా దగ్గర విరామం అన్న మాట వినపడలేదు, కౌలు కట్టినవాడికి విరామం ఎక్కడిది?

ఇక హమాలీ. అతనికి నెల జీతం లేదు, బస్తాకు ఇంత. లారీ కదలకపోతే కూలి లేదు. మునుపు మా ఊళ్లవాళ్లే మోసేవారు, ఇప్పుడు ఎక్కువమంది బీహారు నుంచి వచ్చినవాళ్లు. నిషేధాల మీద పత్రికల్లో వచ్చిన వార్తలు ఎన్నో చదివాను. రైతు ఉంటాడు, మిల్లరు ఉంటాడు, ఎగుమతిదారు ఉంటాడు. హమాలీ కనపడడు.

యాసంగి వడ్ల గొడవ వేరే రకం. ఏప్రిల్, మే ఎండలకు గింజలో పగుళ్లు పడతాయి. పచ్చిగా ఆడిస్తే నూకే ఎక్కువ వస్తుంది. అందుకని వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. అదే ఉప్పుడు బియ్యం. 2021లో కేంద్రం ఇక ఉప్పుడు బియ్యం తీసుకోనంది. బాయిలర్లు, నానబెట్టే ట్యాంకులు పెట్టుకున్న మిల్లులకు ఆఫ్రికా దారి మిగిలింది. బెనిన్, టోగో లాంటి దేశాలు మన ఉప్పుడు బియ్యం బాగా కొంటాయి. 2023 ఆగస్టు 25న దాని ఎగుమతి మీదా 20 శాతం సుంకం పడింది. అంతకు నెల ముందే, జూలై 20న, తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల ముందు ఎగబడటం టీవీల్లో అందరూ చూశారు. ఆ వానాకాలం మిర్యాలగూడలో సన్నాల ధర పడలేదు, మద్దతు ధర 2,203 కంటే పైనే పలికింది. నిషేధం మేలు చేసిందనుకుంటే పొరపాటు. సాగర్‌లో నీళ్లు లేక కాల్వ కింద పంటే తగ్గింది. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలంలో అదే కాల్వకు గండి పడి పొలాల్లో ఇసుక మేట వేసింది. నిషేధం ఎత్తేసిన ఉత్తర్వు ఆ నెల 28న వచ్చింది. అప్పటికి ఆ మడుల్లో అమ్మడానికి వడ్లు లేవు.

2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ ప్రభుత్వం 12,500 టన్నుల 1010 రకం బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కు పంపింది. మా పక్క హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ఓడకు జెండా ఊపారు. ఆ రోజు నేను నిజంగా సంతోషించాను. ఆగస్టులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మనదేశంలో పర్యటిస్తుండగానే, సెప్టెంబరు 1 నుంచి 60 రోజులు బియ్యం దిగుమతులు ఆపుతున్నామని ఆ దేశం ప్రకటించింది. తర్వాత ఏడాది చివరిదాకా పొడిగించారు. వాళ్ల రైతుకు వాళ్ల కోతల వేళ ధర పడిపోకూడదని ఆ నిర్ణయం. 2008లో బియ్యానికి బారులు తీరిన దేశం అది. తమ రైతు కోసం వాళ్లు ఆలోచించినందుకు నాకు కోపం లేదు.

ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ ఈ కాగితాల మీద సంతకాలు పెట్టేవారికి ఒక మనవి. ఏటా ఎగుమతి విధానం ఏమిటో వానాకాలం నాట్లు పడకముందే చెప్పండి. మధ్యలో మూయక తప్పకపోతే, అదే రోజు కొనుగోలు కేంద్రాలు తెరవండి, పచ్చి వడ్లు ఆరబెట్టే యంత్రాలు మండలానికి కొన్నయినా పెట్టండి. లారీలు నిలిచిన రోజులకు హమాలీకి కూలి ఎవరివ్వాలో ఆ ఉత్తర్వులోనే రాయండి.