పెరటి తడిలో దాగిన చరిత్ర: వస మొక్క

గలగలా మాట్లాడే పిల్లను “వసపిట్ట” అంటాం. ఒకరోజు తరగతిలో ఆ మాట అంటే పిల్లలంతా నవ్వారు. “వస అంటే ఏమిటి?” అని అడిగితే మాత్రం ఇద్దరే చేతులెత్తారు. ఆ ఇద్దరి ఇళ్ళ వెనుక వస మొక్క ఇంకా బతికి ఉంది.

వస ఊట నేలల్లో, గెడ్డల ఒడ్డున పెరుగుతుంది. ఆకులు కత్తుల్లా నిలువుగా ఉంటాయి. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. బురదలో దాని దుంప పాకుతూ ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఎండిన ఆ దుంపే వసకొమ్ము. పిల్లలకు మాటలు బాగా రావాలని పెద్దలు దాన్ని అరగదీసి నాకించేవారు. చరక సంహితలో దీని పేరు ‘వచ’.

ఈ మొక్క చాలా దూరం ప్రయాణించింది. 1570ల్లో క్లూసియస్ అనే వృక్ష శాస్త్రవేత్త టర్కీ వైపు నుంచి వచ్చిన దుంపను వియన్నాలో పెంచాడు. యూరప్‌లో పెరిగే వసకు గింజ కట్టదు. దుంప ముక్కలతోనే అది అక్కడి చెరువులకు పాకింది.

మన దగ్గర కూడా అది చేతి నుంచి చేతికే వచ్చింది. మా అవ్వ పుట్టింటి నుంచి ఒక ముక్క తెచ్చి పెరట్లో గుచ్చింది. పక్కింటివాళ్ళు అడిగితే విరిచి ఇచ్చింది. ఏ పుస్తకంలోనూ లేని ఆ చరిత్రకు పెరడే సాక్ష్యం.

విశాఖ, గోదావరి ఏజెన్సీలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో పోడుకు, పశువుల మేతకు, సేకరణకు ఆంక్షలు పెరిగాయి. 1922-24 మన్యం పోరాటానికి ఆ ఆంక్షలూ ఒక కారణమే. అడవిలో కొమ్మ విరవాలంటే గార్డుకు భయపడిన రోజుల్లోనూ పెరట్లో మొక్క తవ్వుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై మన హక్కును గుర్తించింది. కానీ మొక్కే లేకపోతే హక్కు దేని మీద?

పెంచడం కష్టం కాదు. తొలకరిలో మొలక ఉన్న దుంప ముక్కను బోరింగు నీళ్ళు పారే చోట, అడుగు దూరానికొకటి, బురదలో పైపైన అడ్డంగా పెట్టాలి. నేల ఎండకూడదు. తవ్వేటప్పుడు కొంత దుంప వదిలేయాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకలపై పరీక్షల్లో కణుతులు కనబడటంతో 1968లో అమెరికా ఆహారంలో వసను నిషేధించింది. కాబట్టి డాక్టరును అడగకుండా పసిపిల్లలకు పెట్టవద్దు. ఇది చెబితే అవ్వలను తక్కువ చేసినట్టు కాదు. వాళ్ళు తెలిసినది దాచకుండా చెప్పారు, మనమూ తెలిసినది దాచకూడదు.

టీచర్లకు నా మనవి: పిల్లలతో ఒక నోటుబుక్కు పెట్టించండి. ఈ ముక్క ఎవరింటి నుంచి వచ్చింది, వాళ్ళకు ఎవరిచ్చారు, మన భాషలో దాని పేరేమిటి అని ఇంట్లో అడిగి రాయించండి. మా బడి బోరింగు పక్కన ఇప్పుడు ఆ ఇద్దరు పిల్లలు తెచ్చిన వస ఉంది. నోటుబుక్కులో మొదటి రెండు పేర్లు వాళ్ళ అవ్వలవే.